బ్లాగు అప్‌డేట్లు: దేన్ని దాని మానాన వదలాలి, దేన్ని చేత్తో చేయాలి

వర్డ్‌ప్రెస్‌లో బ్లాగు నడిపేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంచనా, ఆపేయనా?" ఒక్క ముక్కలో తేల్చమంటారు. తేల్చలేను. ఎందుకంటే వర్డ్‌ప్రెస్ చిన్న వెర్షన్లు, పెద్ద వెర్షన్లు, ప్లగిన్లు (అదనపు సౌకర్యాల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు), థీములు (బ్లాగు రూపాన్ని నిర్ణయించే ఫైళ్లు) దేనికదే వేరు, ప్రమాదాలూ వేరు. నా బ్లాగుతో పాటు రాసుకునే స్నేహితుల బ్లాగులు కొన్ని నేనే చూసుకుంటాను. ఏ రెండింటికీ ఒకే సెట్టింగులు పెట్టలేదు.

ముందు చిన్న వెర్షన్లు. 6.5.2 పోయి 6.5.3 రావడం లాంటివి. మూడో అంకె మారితే చిన్నది, మొదటిదో రెండోదో మారితే పెద్దది. 5.9 తర్వాత 6.0 వచ్చినప్పుడు చాలామంది కంగారుపడ్డారు గానీ, వర్డ్‌ప్రెస్ లెక్కలో 6.0 ఎంత పెద్దదో 6.1 కూడా అంతే. చిన్న వెర్షన్లలో వచ్చేవి సెక్యూరిటీ లొసుగులకూ బగ్‌లకూ మరమ్మతులు. 2013 అక్టోబరులో వచ్చిన 3.7 నుంచి ఇవి వాటంతట అవే పడుతున్నాయి. వీటిని మాత్రం ఆపకండి.

ఎవరైనా ఆపమంటే 2017 సంగతి గుర్తుచేయండి. 4.7, 4.7.1 వెర్షన్లలో రెస్ట్ ఏపీఐలో, అంటే బయటి ప్రోగ్రాములు సైటుతో మాట్లాడే దారిలో, ఒక లొసుగు ఉండేది. లాగిన్ కాకుండానే ఎవరైనా మీ పోస్టులో రాతలు మార్చేయొచ్చు. జనవరి 26న 4.7.2 విడుదల చేశారు. లొసుగు ఏమిటన్నది మాత్రం ఫిబ్రవరి 1 దాకా బయటపెట్టలేదు, ఈలోగా ఆటో అప్‌డేట్ వీలైనన్ని సైట్లకు చేరాలని. వివరాలు బయటికొచ్చాక లక్షల పేజీలు చెడిపోయాయి. అవన్నీ అప్పటికి అప్‌డేట్ పడని సైట్లవి. వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన డ్రూపల్‌వాళ్ల అనుభవం ఇంకా ఘోరం. 2014 అక్టోబరు 15న ఒక లొసుగుకు మరమ్మతు విడుదల చేసి, రెండు వారాల తర్వాత ఒక హెచ్చరిక ఇచ్చారు: ప్రకటన వెలువడిన 7 గంటల్లోపు అప్‌డేట్ చేయని సైటు ఏదైనా సరే, చొరబాటుకు గురైనట్టే భావించండి అని. ఏడు గంటలంటే ఒక నిద్ర. ఎంత జాగ్రత్తపరులైనా నిద్రలో అప్‌డేట్ చేయలేరు కదా.

అలాగని ఆన్ చేసి మర్చిపోతే కుదరదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 4.9.3లో ఆటో అప్‌డేట్ చేసే యంత్రాంగమే చెడిపోయింది. మర్నాడే 4.9.4 తెచ్చారు. కానీ 4.9.3 పడిన బ్లాగులు దాన్ని వాటంతట అవి తీసుకోలేకపోయాయి, లోపలికెళ్లి చేత్తో బటన్ నొక్కాల్సి వచ్చింది. ఇంకో చిక్కు కూడా ఉంది. వర్డ్‌ప్రెస్ రోజుకు రెండుసార్లు అప్‌డేట్ల కోసం చూస్తుంది, నిజమే. కానీ ఆ పని మొదలవ్వాలంటే ఎవరో ఒకరు పేజీ తెరవాలి. పాఠకులు అరుదుగా వచ్చే బ్లాగులో అది ఆలస్యమవుతుంది. మీది అలాంటిదైతే సర్వర్ క్రాన్ (ఎవరూ రాకపోయినా వేళకు పని మొదలుపెట్టే ఏర్పాటు) పెట్టమని మీ హోస్టింగ్‌వాళ్లను అడగండి.

పెద్ద వెర్షన్లు నేను చేత్తోనే చేస్తాను. 2020 ఆగస్టులో వచ్చిన 5.5లో జేక్వెరీ మైగ్రేట్ అనే పాత సహాయక ఫైలును తీసేశారు. దాని మీద ఆధారపడ్డ పాత థీములు, ప్లగిన్లు ఉన్న సైట్లలో మెనూలు తెరుచుకోలేదు, స్లైడర్లు కదల్లేదు, కొన్నిచోట్ల ఎడిటర్ బటన్లు కూడా పనిచేయలేదు. తప్పు వర్డ్‌ప్రెస్‌దా పాత ప్లగిన్‌దా అన్న వాదన పక్కనపెడితే, పాఠకుడికి కనిపించేది చెడిపోయిన బ్లాగే. విచిత్రమేమిటంటే 5.6 నుంచి కొత్తగా పెట్టే సైట్లలో పెద్ద వెర్షన్లకు కూడా ఆటో అప్‌డేట్ ముందే ఆన్‌లో ఉంటోంది. కాబట్టి డ్యాష్‌బోర్డ్‌లో అప్‌డేట్స్ పేజీ తెరిచి చూడండి. మెయింటెనెన్స్, సెక్యూరిటీ విడుదలలకు మాత్రమే ఆటో అప్‌డేట్ ఉండేలా మార్చే లింకు అక్కడే, వెర్షన్ వివరాల కింద ఉంటుంది. పెద్ద వెర్షన్ వచ్చాక దాని వెనకే మొదటి చిన్న వెర్షన్ వచ్చేదాకా ఆగడం నా పద్ధతి. పాత వెర్షన్లకు కూడా సెక్యూరిటీ మరమ్మతులు ఇస్తున్నారు గానీ, అధికారికంగా హామీ ఉన్నది తాజా వెర్షన్‌కే. అందుకని కొద్ది వారాలు ఆగొచ్చు, నెలల తరబడి కాదు.

అసలు తలనొప్పంతా ప్లగిన్లతోనే. 5.5 నుంచి ప్లగిన్స్ పేజీలో ఒక్కోదానికీ పక్కనే ఎనేబుల్ ఆటో-అప్‌డేట్స్ అని లింకు వస్తోంది. అన్నింటినీ టిక్ పెట్టి ఒక్కసారే ఆన్ చేసేయాలనిపిస్తుంది. తొందరపడకండి. ఒక్కో ప్లగిన్ దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: ఇది చెడిపోతే నాకు వెంటనే తెలుస్తుందా? షేర్ బటన్లు, విషయసూచిక, సంబంధిత పోస్టుల లాంటివి చెడిపోతే కంటికి కనిపిస్తాయి, నష్టం కూడా తక్కువ. వాటిని ఆటోలో పెట్టండి. ఫారాలు, చందాలు, చెల్లింపులు, క్యాషింగ్ (పేజీలు త్వరగా తెరుచుకునేందుకు వాటి నకళ్లు దాచేది), పేజ్ బిల్డర్ (పేజీల అమరిక చేసేది) ప్లగిన్లను చేత్తోనే చేయండి.

2024 జులైలో వచ్చిన 6.6లో ఒక మంచి ఏర్పాటు చేశారు. ఆటో అప్‌డేట్ పడ్డాక ప్లగిన్ వల్ల పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) ఫేటల్ ఎర్రర్ వస్తే పాత వెర్షన్ దానంతటదే తిరిగొస్తుంది. చాలామంది దీన్ని చూసి ఇక భయం లేదనుకుంటున్నారు. ఫేటల్ ఎర్రర్ అంటే సైటు కుప్పకూలడం. కూలకుండా నిశ్శబ్దంగా చెడిపోయేవాటిని అది పట్టుకోలేదు. నేను చూసుకునే ఒక బ్లాగులో సంప్రదింపు ఫారం ప్లగిన్ రాత్రికి రాత్రి ఆటోలో మారింది. పేజీ చక్కగా తెరుచుకుంటోంది, నింపినవాళ్లకు ధన్యవాదాలు కూడా చెబుతోంది, ఉత్తరం మాత్రం అవతలికి చేరడం లేదు. ఉత్తరాలు రానప్పుడు ఎవరూ రాయలేదనుకుంటాం తప్ప ఫారాన్ని అనుమానించం. అది బయటపడింది కూడా ఒక పాఠకురాలు మరో దారిలో ఆ బ్లాగు రాసే ఆవిడను పలకరించి, "నా ఉత్తరానికి జవాబే ఇవ్వలేదేం?" అని నిష్ఠూరమాడితేనే.

అప్‌డేటే విషమయ్యే సందర్భాలూ ఉన్నాయి. డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ చేతులు మారాక 2017లో దాని అప్‌డేట్లలో దొంగదారి కోడ్ వచ్చింది, చివరికి డైరెక్టరీ నుంచే దాన్ని తీసేశారు. 2024 జూన్‌లో సోషల్ వార్‌ఫేర్‌తో సహా కొన్ని ప్లగిన్ల రచయితల ఖాతాల్లోకి దుండగులు చొరబడ్డారు. వేరేచోట బయటపడ్డ పాస్‌వర్డ్‌లనే ఆ రచయితలు ఇక్కడా వాడటం వల్ల జరిగిందది. ఇలాంటప్పుడు రెండు మూడు రోజులు ఆగినవాడు బతికిపోతాడు. సెక్యూరిటీ లొసుగు విషయంలో మాత్రం అలా ఆగినవాడే మునుగుతాడు. అందుకే చేంజ్‌లాగ్ (అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే జాబితా) చదవడం అలవాటు చేసుకోమంటాను. అందులో సెక్యూరిటీ అన్న మాట కనిపిస్తే ఆ రోజే చేయండి, లేకపోతే కొన్ని రోజులు పడి ఉండనివ్వండి. లొసుగు మరీ తీవ్రమైతే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌వాళ్లే బలవంతంగా అప్‌డేట్ తోస్తారు. 2022 ఫిబ్రవరిలో అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే బ్యాకప్ ప్లగిన్‌కు అలాగే చేశారు. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్ల సంగతి వేరు. లైసెన్సు గడువు తీరితే సాధారణంగా అప్‌డేట్లు ఆగిపోతాయి, ఆటో ఆన్‌లో ఉందిలే అన్న ధీమా మాత్రం మిగిలిపోతుంది.

థీము ఫైళ్లలో మీరు నేరుగా మార్పులు చేసి ఉంటే ఆటో అయినా చేత్తో అయినా అప్‌డేట్ వాటిని తుడిచేస్తుంది. ముందు చైల్డ్ థీము (అసలు థీమును ముట్టకుండా మీ మార్పులను విడిగా ఉంచేది) చేసుకోండి.

ఇక చేత్తో చేసే పద్ధతి. మొదట బ్యాకప్: ఫైళ్లు, డేటాబేస్ రెండూ కావాలి, అదీ బ్లాగున్న సర్వర్‌లో కాకుండా వేరేచోట. ఆ బ్యాకప్‌ను ఒక్కసారైనా వేరే ఖాళీ సైటులో పోసి, తెలుగు పోస్టు ఒకటి తెరిచి చూడండి. క్యారెక్టర్ సెట్ (డేటాబేస్ అక్షరాలను దాచుకునే పద్ధతి) సరిపోకపోతే అక్షరాల బదులు వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. ఆ సంగతి అవసరం పడిన రోజున తెలిస్తే ఏడుపే. తర్వాత ప్లగిన్లు ఒక్కొక్కటిగా, ఆపై థీము, చివర్లో వర్డ్‌ప్రెస్. కొందరు వర్డ్‌ప్రెస్‌తో మొదలుపెట్టమంటారు. కొత్త వెర్షన్‌కు తగ్గట్టు ప్లగిన్లు ముందే సిద్ధమై ఉంటే గొడవ తక్కువని నా నమ్మకం. ఒక్కోటి చేశాక క్యాష్ ఖాళీ చేసి, లాగిన్ లేని ప్రైవేట్ విండోలో మొదటి పేజీ, ఒక పాత పోస్టు చూడండి. ఒక వ్యాఖ్య రాయండి, ఫారం నింపి ఉత్తరం వచ్చిందో లేదో చూడండి. లోపలికెళ్లి ఒక బొమ్మ ఎక్కించండి. అన్నీ కలిపి చేస్తే తేడా వచ్చినప్పుడు దొంగ ఎవరో తెలియదు.

మధ్యలో మెయింటెనెన్స్ సందేశం దగ్గర ఆగిపోతే పది నిమిషాలు ఓపిక పట్టండి, ఆ గడువు దాటాక వర్డ్‌ప్రెస్ దాన్ని పట్టించుకోదు. అప్పటికీ పోకపోతే ఎఫ్‌టీపీలో (సర్వర్‌లోని ఫైళ్లను నేరుగా తెరిచే దారిలో) మెయింటెనెన్స్ పేరుతో ఉన్న ఫైలు తీసేయండి. సైటు తెల్లగా వస్తే అనుమానం ఉన్న ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చండి, అది ఆగిపోతుంది. వెనక్కి వెళ్లాల్సొస్తే పాత ఫైళ్లు పెట్టినంత మాత్రాన సరిపోకపోవచ్చు. అప్‌డేట్‌లో డేటాబేస్ కూడా మారి ఉంటే దాన్నీ బ్యాకప్ నుంచి తేవాలి, మధ్యలో వచ్చిన వ్యాఖ్యలు పోతాయి.

వారానికి ఒకసారైనా ఇలా కూర్చోలేనివాళ్లు చేత్తో చేస్తామనకండి. అన్నీ ఆటోలో పెట్టి, రోజూ బ్యాకప్ వేరేచోటికి వెళ్లేలా చూసుకోండి. సెట్టింగ్స్‌లో ఉన్న అడ్మిన్ ఈమెయిల్ మీరు రోజూ తెరిచేదేనా చూడండి. 2019లో వచ్చిన 5.2 నుంచి, ఫేటల్ ఎర్రర్ వస్తే లోపలికి వెళ్లే రికవరీ లింకును వర్డ్‌ప్రెస్ పంపేది ఆ చిరునామాకే.