మెడకు దెబ్బ తగిలితే ఏం చేయాలి, డాక్టరుకు ఏం చెప్పాలి

బండి మీంచి పడ్డ మనిషిని చూడగానే చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించడం మనకు అలవాటు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లేపడంలోనే వెన్నుపాము నలిగిపోవచ్చు. పడ్డచోటే పడుకోనిచ్చి 108కి ఫోన్ చేయండి. ఒకరు తల వెనక మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి. వాంతి వస్తే తల, భుజాలు, నడుము ఒకే దుంగలా పక్కకు దొర్లించాలి.

ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు. ఆడకపోతే తీయక తప్పదు, దానికి ఇద్దరు కావాలి. ఒకరు ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యి మెడ వెనక పెట్టి తలను ఆపుతారు. రెండోవారు పట్టీ విప్పి, అంచులను రెండు పక్కలకూ లాగి వెడల్పు చేసి, ముక్కుకు తగలకుండా నెమ్మదిగా పైకి తీస్తారు.

చున్నీయో పైటచెంగో చక్రంలో చుట్టుకుంటే ముందు ఇంజిన్ ఆపాలి. చక్రాన్ని వెనక్కి తిప్పుతూ కూర్చోకుండా, మెడ దగ్గర బట్టను కత్తిరించేయాలి. తర్వాత ఆమె లేచి నడిచినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. గొంతు లోపలి వాపు కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరికి అడ్డం పడుతుంది.

మరి ఏ దెబ్బకు వెంటనే పరుగెత్తాలి? వయసు 65 దాటినా, మూడడుగుల ఎత్తు నుంచో ఐదు మెట్ల మీంచో పడ్డా, బావిలో దూకినప్పుడు తల నేలకు కొట్టుకున్నా, కారు పల్టీ కొట్టినా నొప్పి తక్కువగా ఉందని ఊరుకోవద్దు. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. చేతులకో కాళ్లకో తిమ్మిరి ఉన్నా, మెడ వెనక నడిమధ్య ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా అంతే. మెడ తిరుగుతుందో లేదో ఇంట్లో పరీక్షించకండి, అది డాక్టరు పని.

వెనక నుంచి బండి గుద్దినప్పుడు తల ఒక్కసారిగా వెనక్కీ ముందుకీ ఊగి కండరాలు సాగుతాయి. ఈ నొప్పి చాలామందిలో మర్నాటికి గానీ బయటపడదు. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. వాళ్ల మెడ కండరాలు సన్నగా ఉండటం ఒక కారణం.

మగవాళ్లు చేసే పొరపాటు వేరు. ‘కాస్త పట్టేసింది’ అని బామ్ రాసుకుంటారు, లేదంటే మంగలి షాపులో మెడ విరిపించుకుంటారు. దెబ్బ తిన్న మెడను అలా తిప్పితే మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. ఇంకొకటి, తాగి ఉంటే తాగానని చెప్పండి. మత్తులో నొప్పి సరిగా తెలియదు కాబట్టి, ‘నొప్పి లేదు’ అన్న మీ మాట నమ్మి, మెడ కదలకుండా వేసిన పట్టీని (కాలర్) డాక్టరు తీసేస్తే ప్రమాదం.

ఆడవాళ్లు ఇంటిపనంతా ముగించుకుని, రెండు మూడు రోజులకు వెళ్లి ‘మెడ నొప్పండీ’ అంటారు. పడిన సంగతి చెప్పకపోతే మెడ ఎముకల అరుగుదల అనుకుని మాత్రలు రాసి పంపేస్తారు. పక్కనున్న భర్తో అత్తగారో చెప్పడం కాదు, నొప్పి ఉన్న మనిషే చెప్పాలి. ఇలా చెబితే చాలు: ‘నిన్న సాయంత్రం ఆరింటికి స్కూటీ వెనక కూర్చుంటే ఆటో గుద్దింది. కుడి పక్కకు పడ్డాను. స్పృహ తప్పలేదు. రాత్రి నుంచి ఎడమ బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరి.’ ఆ వేళ్ల పేర్లు ముఖ్యం. బొటనవేలి వైపు తిమ్మిరైతే మెడలోని ఆరో నరం మీద, చిటికెన వేలి వైపైతే ఎనిమిదో నరం మీద డాక్టరుకు అనుమానం వస్తుంది.

ఎవరైనా గొంతు నులిమి ఉంటే, పైకి కమిలిన గుర్తు లేకపోయినా ఆ మాట దాచొద్దు. గొంతు బొంగురు పోవడం, మింగలేకపోవడం, కళ్లలో ఎర్రచుక్కలు ప్రమాద సూచనలు. వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టమని నర్సును అడగవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181.

పరీక్షకు వెళ్లేముందు పుస్తెలతాడు, ముక్కుపుడక, జడపిన్నులు తీసేయాలి. మగవాళ్లయితే మెడలో గొలుసు, తాయెత్తు, ఎమ్మారైకి వెండి మొలతాడు కూడా. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే, అంతసేపు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకోవచ్చు. గర్భం ఉంటే ముందే చెప్పండి. మెడ ఎక్స్‌రే కిరణాలు నేరుగా పొట్ట మీద పడవు, కాబట్టి ఆ భయంతో మానేయొద్దు. ఎముకలు సీటీలో బాగా కనిపిస్తాయి, వెన్నుపాము, డిస్కు (ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు) చూడాలంటే ఎమ్మారై.

రోడ్డు ప్రమాదమైతే క్యాజువాల్టీలోనే ఆ మాట చెప్పి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే ఆస్పత్రి రికార్డు) రాయించండి. ‘బాత్రూంలో జారిపడ్డాను’ అని రాయిస్తే తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిములో చిక్కే. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల పాటు లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం ఉంది.

విరిగింది ఏమీ లేదని ఇంటికి పంపితే మొదటి రెండు రోజులు బట్టలో చుట్టిన ఐసు, పూటకు 15 నిమిషాలు. పారాసెటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ తాగేవాళ్లు డాక్టరును అడిగే వేసుకోవాలి. మెత్తటి కాలర్ వారాల తరబడి పెట్టుకుంటే కండరాలు బలహీనపడి మెడ బిగుసుకుంటుంది. డాక్టరు సరేనన్నాక నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు మెడను నెమ్మదిగా రెండు వైపులా తిప్పుతుండాలి.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు చేతులను కనిపెట్టుకుని ఉండండి. చొక్కా గుండీ, జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి.