అటెండెంట్ వచ్చింది సరే, సేవ బాగుందో లేదో ఎలా పట్టుకోవాలి?

హైదరాబాదులో మంచం పట్టిన పెద్దవాళ్లకు మనిషిని వెతకడం పెద్ద పని కాదు. ఉదయం ఫోన్ చేస్తే సాయంత్రానికి పంపే బ్యూరోలు బోలెడు. వచ్చిన మనిషి సరిగ్గా చేస్తోందా అన్నది తేల్చుకోవడమే అసలు పని.

ముందు మీకు అటెండెంట్ కావాలా, నర్సు కావాలా చూసుకోండి. స్నానం, డైపర్, తినిపించడం, పక్క మార్చడం అటెండెంట్ చేస్తుంది. ముక్కు గొట్టం (ముక్కులోంచి కడుపులోకి ఆహారం పోసే గొట్టం) వేయడం, యూరిన్ పైపు మార్చడం, లోతు పుండుకు కట్టు కట్టడం నర్సు పని. బ్యూరోవాళ్లు ఇద్దరినీ ‘సిస్టర్’ అనే అంటారు, ఆ మాటకు మోసపోవద్దు. నర్సింగ్ చదువుల్లో ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు, జీఎన్ఎం మూడేళ్లది. నర్సు రేటు అడిగితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. ఎవరినైనా ఆధార్ నకలు తీసుకుని, పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇచ్చాకే ఇంట్లో ఉంచుకోండి.

చాలా ఇళ్లు దెబ్బతినేది ‘24 గంటల డ్యూటీ’ దగ్గర. కదలలేని మనిషికి ఒక్కచోటే ఒత్తుకుని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పగలంతా చేసిన మనిషే రాత్రి ఒంటిగంటకు, మూడింటికి, అయిదింటికి లేవాలంటే లేవదు, లేవలేదు కూడా. అది ఆమె తప్పు కాదు, లెక్క తప్పు. పూర్తిగా మంచంలో ఉన్నవాళ్లకు పన్నెండేసి గంటల డ్యూటీకి ఇద్దరు ఉండాలి, లేదా రాత్రి ఇంట్లోవాళ్లు వంతు తీసుకోవాలి. గాలి పరుపు కోఠి సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. తీసుకుంటే మంచిదే గానీ, అది ఉంది కదా అని పక్క మార్చడం మానకూడదు.

పక్క మార్చడమంటే పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టడం కాదు. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఇంకొకటి. మడమ పరుపుకు తగలకుండా గాల్లో ఉండాలి. పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగకూడదు. నడుము కింద అడ్డంగా దుప్పటి పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి. ఈడిస్తే ముసలి చర్మం ఊడొస్తుంది.

వారంలో రెండుసార్లయినా మీరే స్నానం వేళకు దగ్గరుండి నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో అయిదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ప్రస్తుతానికి ఫరవాలేదు. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు కాబట్టి చుట్టుపక్కల కంటే ముదురు రంగు, వేడి, గట్టిదనం తడిమి చూడాలి. అక్కడ నూనె పెట్టి మర్దనా చేయడం మనవాళ్లకు అలవాటు. చేయనివ్వకండి, లోపలి కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో కన్నమున్న రింగు దిండ్లూ వద్దు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. మంచినీళ్లకే పొలమారుతుంటే డాక్టరుకు చూపించాలి. పక్షవాతం వచ్చినవాళ్లలో అన్నం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవడం మామూలు. ముక్కు గొట్టం ఉంటే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, జావకు ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు పోయాలి. ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగిందా అని ప్రతిసారీ చూసుకోవాలి. జరిగితే ఆహారం ఆపి నర్సును పిలవాలి. యూరిన్ బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి, నేలను తాకకూడదు. మే నెల ఎండల్లో రోజంతటికీ మూత్రం 500 మిల్లీలీటర్లకు తగ్గితే డాక్టరుతో మాట్లాడండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు మాత్రం ఎంత నీరివ్వాలో ఆయనే చెప్పాలి.

షుగర్ 70 కంటే తగ్గి, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టించి, పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ రెండు వాక్యాలు రాసి గోడకు అంటించండి.

ఒక నోటుబుక్కు పెట్టండి: టైము, ఏ పక్కకు తిప్పారు, ఏం తిన్నారు, మూత్రం ఎంత, మోషన్, బీపీ, షుగర్, మందులు, సంతకం. డ్యూటీ మారేటప్పుడు వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు దాన్ని చదివి వినిపించాలి. రాత్రంతా 2:00, 4:00, 6:00 అని ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో కనిపిస్తే అది తెల్లారి కూర్చుని రాసింది. నిజంగా లేచిన రాత్రి 2:20 ఉంటుంది, 4:45 ఉంటుంది, అక్షరాలు వంకర్లు పోతాయి. అమెరికాలో ఉన్న పిల్లలు కెమెరా పెట్టించి నిశ్చింతగా ఉంటారు. అటెండెంట్ ఫోన్ చూస్తోందా అన్నది కెమెరాలో తెలుస్తుంది, దిండు మడమ కింద ఉందా పిక్క కింద ఉందా అన్నది తెలియదు.

బ్యూరోతో మాట్లాడేటప్పుడు మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారో, వారం సెలవు రోజు ఎవరొస్తారో కాగితం మీద రాయించుకోండి. మీరిచ్చే డబ్బులో అటెండెంట్ చేతికి ఎంత, ఏ తారీఖున అందుతుందో కూడా అడగండి. బ్యూరో జీతం ఆపితే అది పంపిన మనుషులు నెల మధ్యలోనే మాయమవుతారు.

భుజం కింద వేళ్ల ఆకారంలో కమిలిన గుర్తులు, ఆమె గదిలోకి రాగానే పెద్దాయన మాట ఆపేయడం, కారణం లేకుండా మత్తుగా ఉండటం కనిపిస్తే వెంటనే డ్యూటీ మార్పించి డాక్టరుకు చూపించండి. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. దెబ్బలు కనిపిస్తే మాత్రం ముందు 112.