క్యారవాన్‌లో దొంగలు పడుతున్నారా? ముందు కనిపించింది చూడండి, తర్వాత కారణం వెతకండి

క్యారవాన్ అనగానే మనవాళ్ళకు షూటింగుల దగ్గర ఆగి ఉండే పొడవాటి బండి గుర్తొస్తుంది. ఇప్పుడు మామూలు కుటుంబాలు కూడా టెంపో ట్రావెలర్ తీసుకుని, విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరు ఆటోనగర్‌లోనో బాడీ పని చేయించుకుని, మంచాలు, స్టవ్వు, ఇన్వర్టరు పెట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నాయి. మాదీ అలాంటి బండే. మొదటి ఏడాదిలోనే రెండుసార్లు పోగొట్టుకున్నాం. ఒకసారి బయటి డిక్కీలో ఉన్న బ్యాటరీ. ఇంకోసారి వంట గట్టు మీద పెట్టిన మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు. రెండుసార్లూ నేను చేసింది ఒకటే: పోయిన వస్తువు మళ్ళీ కొన్నాను, పాడైన తాళం చోట అలాంటి తాళమే వేయించాను. వాడికి ఎలా వీలైందో మాత్రం చూడలేదు.

మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఇది రాస్తున్నాను. దొంగతనం జరిగిందని తెలియగానే దేన్నీ ముట్టుకోకుండా గీతలు, వంగిన రేకు, ఊడిన స్క్రూలు అన్నిటికీ దగ్గరగా ఫొటోలు తీయండి. పోలీసులకూ ఇన్సూరెన్సుకూ అవి కావాలి. వాడు పనిముట్టు ఎక్కడ పెట్టాడో కూడా ఆ ఫొటోల్లోనే దొరుకుతుంది.

డిక్కీ ఖాళీ, తాళం మాత్రం విరగలేదు

బయటి డిక్కీలకు చాలామంది వేయించుకునేది టేబుల్ సొరుగుకు వేసే చిన్న తాళం. ఆ తాళాలకు చెవులు కొన్ని రకాలే ఉంటాయి. తాళంచెవి మీద నంబరు చూడండి. అదే నంబరున్న చెవి ఇంకెవరి దగ్గరున్నా మీ డిక్కీ తెరుచుకుంటుంది. చెవి లేకపోయినా పెద్ద కష్టం లేదు. లోపల తిరిగే నాలుక పల్చటి రేకు ముక్క, తలుపు అంచు కింద స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే వంగిపోతుంది.

మీ బండి ఎలా ఉందో ఇప్పుడే చూసుకోవచ్చు. తాళం వేసి, తలుపు కింది మూల పట్టుకుని గట్టిగా లాగండి. వేలు దూరేంత సందు వస్తే ఆ తలుపుకు తాళం ఉన్నా లేనట్టే. తాళం మార్చినంత మాత్రాన ఇది సరికాదు. తలుపు చుట్టూ లోపలివైపు యాంగిల్ పట్టీ వెల్డింగ్ చేయించి, అంచు దాని వెనక్కి దాక్కునేలా చేయించాలి. గడియ ఒక్క చోట కాకుండా పైనా కిందా రెండు చోట్ల పడాలి. తాళం కప్ప వేసే కొక్కేన్ని స్క్రూలతో బిగిస్తే కప్ప జోలికి పోకుండా స్క్రూలు విప్పేస్తారు. బయట గుండ్రటి తల, లోపల నట్టు ఉండే బోల్టులు వేయించండి. కీళ్ళు బయటికి కనిపిస్తుంటే వాటి పిన్నులు కొట్టి తలుపు ఊడదీస్తారు కాబట్టి పిన్ను రెండు చివర్లా చిన్న టాకా పెట్టించండి.

బ్యాటరీని కూడా ఊరికే పెట్టకుండా, ఇనప ఫ్రేములో కూర్చోబెట్టి, ఆ ఫ్రేము నట్లు బండి లోపలి నుంచి బిగించాలి. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకు పైనే ఉంటుంది. అంత బరువు ఎవరు మోస్తారులే అని నేనూ అనుకున్నాను. ఇద్దరుంటే రెండు నిమిషాల పని.

ఇక్కడ ఒక జాగ్రత్త ప్రాణాలకు సంబంధించింది. డిక్కీ గట్టి చేయించే హడావుడిలో గాలి రంధ్రాలు మూయించకండి. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి నిలుస్తుంది. సిలిండరు పెట్టే అరకు అడుగున రంధ్రాలు తెరిచే ఉండాలి. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్ పైకి పోతుంది కనుక దాని అరకు పైభాగంలో వెంటు కావాలి. రంధ్రాలకు లోపలి నుంచి గట్టి జాలీ వెల్డింగ్ చేయిస్తే గాలి ఆడుతుంది, చేయి దూరదు.

స్టెప్నీ, డీజిల్ ట్యాంకు, పైన సోలార్ పలకలదీ ఇదే కథ. స్టెప్నీకి గొలుసు, ట్యాంకుకు తాళం మూత, పలకలకు మామూలు పానాతో విప్పలేని నట్లు వేయిస్తే చాలు.

ఏదీ పగల్లేదు, లోపలి వస్తువు పోయింది

మన ప్రాంతంలో ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో రేకు బండిని అన్నీ మూసి వదిలితే లోపల కొలిమి. అందుకే మనం పైకప్పు మూత కొంచెం తెరిచి పెడతాం, వంటగట్టు కిటికీ నాలుగు వేళ్ళంత వదిలేస్తాం, రాత్రి పడుకుంటే పక్క తలుపు కూడా ఓరగా ఉంచుతాం. మా బ్యాగు అలాగే పోయింది. కృష్ణ ఒడ్డున బండి ఆపి ఇంటిల్లిపాదీ స్నానానికి దిగాం, కిటికీ ఓరగా ఉంది, గట్టు మీద బ్యాగు ఉంది. ఎవరో చేయి పెట్టారు, అంతే.

ఇంకో కారణం కూడా ఎండే. క్యారవాన్ కిటికీలు చాలావరకు ప్లాస్టిక్‌వి, వాటి గడియలూ ప్లాస్టిక్కే. రెండు మూడు వేసవులు తిన్నాక గడియ పెళుసెక్కుతుంది, చుట్టూ రబ్బరు బీడింగు ఎండి బిగుసుకుంటుంది. అలాంటి కిటికీని బయటి నుంచి పల్చటి పట్టీతో లేపితే గడియ చప్పుడు లేకుండా జారిపోతుంది. తర్వాత మూసేస్తే పగిలిన గుర్తే కనిపించదు. అనుమానముంటే గడియ పక్కన బీడింగు మీద నొక్కు పడిందేమో టార్చి వేసి చూడండి.

అన్నీ మూసి ఉక్కిరిబిక్కిరి అవమని చెప్పను, అది జరిగే పని కాదు. గాలి రావాలి, చేయి రాకూడదు, ఆ రెండూ కుదిరేలా చేయించుకోవాలి. పైకప్పుకు 12 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి దాని కింద ఇనప జాలీ బిగించండి. కిటికీలకు లోపలివైపు గ్రిల్ వేయించండి. గ్రిల్ మొత్తం వెల్డింగ్ చేసి మూసేయకండి. పడుకున్నప్పుడు నిప్పంటుకుంటే బయటపడే దారి ఉండాలి. కనీసం ఒక పెద్ద కిటికీ గ్రిల్ లోపలి నుంచి ఒక్క గడియ లాగితే తలుపులా తెరుచుకోవాలి. ఆ గడియ ఇంట్లో పిల్లలకు కూడా తీయడం రావాలి, చీకట్లో ఒకసారి తీయించి చూడండి. పెళుసెక్కిన గడియలు, బీడింగు మార్చేయండి. అది పెద్ద ఖర్చు కాదు.

అద్దం పగలగొట్టారు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు తలుపుల అద్దాలు గట్టిపరిచిన గాజువి, ఒక్క గట్టి మొన తగిలితే పొడిపొడిగా రాలతాయి. వాడు ఏదో చూసే పగలగొట్టాడు. ఫోను హోల్డరు, ఛార్జింగు వైరు, సీటు మీద ఖాళీ బ్యాగు కూడా ఆశ పుట్టిస్తాయి. నల్ల ఫిల్మ్ అంటిద్దామనుకోకండి, 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిషేధించింది. ఆగి ఉన్నప్పుడు డ్రైవరు సీటు వెనక మందపాటి పరదా లాగితే ఇంటి భాగం కనిపించదు.

రిమోట్ నొక్కి వెళ్ళాం, వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది

రెండు కారణాలు ఉండొచ్చు. రిమోట్ సిగ్నల్ అందకుండా జామర్ పెట్టేవాళ్ళున్నారు. అదీగాక, మన బండ్లలో ఇంటి భాగానికి కొత్తగా పెట్టించిన తలుపు సెంట్రల్ లాకుకు కలిసే ఉండదు. ముందు తలుపులు టక్కుమంటాయి, అన్నీ పడ్డాయని వెళ్ళిపోతాం. రెండింటికీ మందు ఒకటే, ప్రతి తలుపూ చేత్తో లాగి చూసి కదలడం. తీరిక దొరికినప్పుడు ఆ తలుపుకు విడిగా గట్టి లాకు పెట్టించండి.

మేం పక్కనే ఉండగా పోయింది

"సార్, మీ బండి కింద ఆయిల్ కారుతోంది." "అన్నా, ఈ పది నోట్లు మీవేనా?" "అమ్మా, చీర మీద ఏదో పడింది చూసుకోండి." దృష్టి మళ్ళించే ముఠాల మాటలు ఇవే, ఏళ్ళుగా మారలేదు. మీరు ఒకవైపు వంగి చూస్తుంటే రెండోవైపు తలుపు తెరుస్తారు. ఇలాంటి చోట తాళాలకంటే ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటు పనికొస్తుంది. మా ఇంట్లో ఎవరేం చెప్పినా ఒక మనిషి బండి దిగరు. దిగినవాళ్ళు వెంటనే తలుపు వేస్తారు. ఆయిల్ నిజంగానే కారుతుంటే పెట్రోలు బంకు దాకా నెమ్మదిగా వెళ్ళి, దీపాల వెలుగులో చూసుకోవచ్చు.

అలారం ఊరికే మోగుతోంది, లేదా మోగాల్సినప్పుడు మోగలేదు

ఊరికే మోగితే కుదుపు సెన్సరు మీద అనుమానపడండి. జాతీయ రహదారి పక్కన ఆపితే లారీ పోయిన ప్రతిసారీ నేల అదురుతుంది. సెన్సరు తీవ్రత తగ్గించాలి. లోపలి కదలిక సెన్సరైతే ఫ్యాను గాలికి పరదా ఊగినా మోగుతుంది. నాలుగు రాత్రులు విసిగిపోయి మనం అలారం ఆపేస్తాం, అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

మోగకపోవడానికి మన ఎండల్లో ఒక కారణం ఉంది. కదలికను పట్టే ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు మనిషి ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా చూసి పనిచేస్తుంది. మే నెల మధ్యాహ్నం మూసిన బండిలో వేడి మన ఒంటి వేడి దగ్గరికి, ఆపైకి కూడా పోతుంది. తేడా లేనప్పుడు దానికి మనిషి సరిగా ఆనడు. కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా ప్రతి తలుపుకూ, డిక్కీకీ, పైకప్పు మూతకూ అయస్కాంతం సెన్సర్లు పెట్టించండి. తలుపు కదిలితే చాలు మోగుతాయి. లోపల పడుకున్నప్పుడు కూడా వేసి ఉంచుకోవచ్చు.

ట్రాకర్ ఉంది, కానీ బండి ఎక్కడుందో చూపించడం లేదు

ముందు సిమ్ రీఛార్జి చూడండి, చాలాసార్లు అదే. తర్వాత కరెంటు ఎక్కడి నుంచి తీశారో చూడండి. బండిలో ఇంటి భాగానికి కరెంటిచ్చే బ్యాటరీకి కలిపితే మనం మెయిన్ స్విచ్ ఆపగానే ట్రాకర్ కూడా చచ్చిపోతుంది. ఇంజను బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా ఇవ్వాలి, వైరు కోసినా కొన్ని గంటలు నడిచే సొంత బ్యాటరీ ఉన్నది కొనాలి. బండి నెలల తరబడి కదలకపోతే ఇంజను బ్యాటరీ దిగిపోతుంది, మధ్యమధ్య ఛార్జ్ చేయండి. ఇనప రేకు వెనక దాస్తే సిగ్నల్ అందదు, ప్లైవుడ్డో ప్లాస్టిక్కో ఉన్నచోట దాయండి. డాష్‌బోర్డు మీద ఎండ తగిలే చోట మాత్రం వద్దు, బ్యాటరీ ఉబ్బుతుంది.

కొన్ని ట్రాకర్లతో ఫోన్ నుంచే ఇంజను ఆపొచ్చు. బండి పరుగెత్తుతుండగా ఆ బటన్ నొక్కకండి. బ్రేకు, స్టీరింగు బిగుసుకుపోయి దారిన పోయేవాళ్ళ మీదికి పోతుంది. ఆగిందని తేలాకే నొక్కాలి.

స్టీరింగు కింద గీతలు, వేలాడే వైర్లు

బండినే తీసుకుపోవాలని చూశారన్నమాట, మళ్ళీ వస్తారనుకుని సిద్ధపడండి. పాత డీజిల్ బండి అయితే సెల్ఫ్ వైరుకు రహస్య స్విచ్ పెట్టినా లాభం తక్కువ, నెట్టి స్టార్ట్ చేస్తారు. ఇంజనుకు డీజిల్ వెళ్ళకుండా ఆపే సొలినాయిడ్ వైరుకు స్విచ్ పెట్టించాలి. కొత్త బండి అయితే కంప్యూటరు కలిపే ఓబీడీ పోర్టుకు తాళం పెట్టించండి, కొత్త తాళంచెవికి ప్రోగ్రామ్ రాసేది అక్కడి నుంచే. వీటితోపాటు అద్దంలోంచి కనిపించే స్టీరింగు లాకో గేరు లాకో ఒకటి ఉండాలి. దాన్ని చూసే చాలామంది పక్క బండికి పోతారు.

గీతలు లేకుండానే బండి తెరిచారంటే తాళంచెవి సంగతి ఆలోచించండి. బాడీ పనికి ఇచ్చిన బండి షెడ్డులో నెలలు ఉంటుంది. చెవి వెల్డరు, ఎలక్ట్రీషియను, పెయింటరు చేతులన్నీ తిరుగుతుంది. వాళ్ళను అనుమానించమని కాదు, ఎవరి చేతికి వెళ్ళిందో మనకు తెలియదు. పని ముగిసి బండి ఇంటికి తెచ్చుకునే రోజే ఇంటి భాగం తాళాలన్నీ మార్పించండి.

బండే కనిపించడం లేదు

112కి ఫోన్ చేయండి. ఫాస్టాగ్ మెసేజీలు చూడండి. విజయవాడ నుంచి బండి పోయి డబ్బు కాజ టోల్ దగ్గర కట్ అయితే గుంటూరు వైపు, పొట్టిపాడు దగ్గరైతే ఏలూరు వైపు, కీసర దగ్గరైతే హైదరాబాద్ వైపు వెళ్ళినట్టు. కంగారులో ఫాస్టాగ్‌ను వెంటనే బ్లాక్ చేయించకండి, పోలీసులకు అది దారి చూపిస్తుంది.

వేరే ఊళ్ళో పోయినా, హద్దు ఎవరిదైనా, దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ అదే చెబుతోంది. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఇన్సూరెన్సు కంపెనీకి ఆ రోజే మెయిల్ పెట్టండి. ఒకవేళ ఆలస్యమైనా, ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టి ఉంటే ఆ ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదని 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మాత్రం దొంగతనానికి పైసా రాదు.

క్లెయిములో కంపెనీ మొదట అడిగేది బండితో వచ్చిన రెండు తాళంచెవులు. రెండోది బండిలోనే ఏ సొరుగులోనో పెడితే బండితోపాటే పోతుంది, క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది. దాన్ని ఇంటి బీరువాలో పెట్టండి. మీరు ప్రయాణంలో ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు తాళం వేసే ఉంటుంది కాబట్టి, బయల్దేరే ముందు తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో పేరు నమోదు చేసుకుని వెళ్ళండి.