4కే డిస్కు పెడితే నల్ల తెర

పాత డీవీడీలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. 576 లైన్ల ఆ బొమ్మ 55 అంగుళాల టీవీలో అలికేసినట్టు ఉంటోందని పోయిన సంక్రాంతికి 4కే బ్లూరే ప్లేయర్ కొన్నాను. డిస్కులు అమెరికా నుంచి బావ తెచ్చాడు. అలవాటు ప్రకారం ప్లేయర్‌ని స్పీకర్లు నడిపే పెట్టెకి, అంటే రిసీవర్‌కి, రిసీవర్‌ని టీవీకి కలిపాను. డిస్కు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా. "డబ్బులు పోసి చీకటి కొన్నారా?" అంది మా ఆవిడ.

రెండు రాత్రులు కేబుల్‌నే అనుమానించాను. కొత్తది వేసినా అంతే. కానీ డీవీడీ పెడితే బొమ్మ వస్తోంది! అప్పుడు వెలిగింది: డిస్కు బొమ్మ 4కేలో రావాలంటే దారిలో ఉన్న ప్రతి పెట్టెకీ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ తెలిసుండాలి. నా రిసీవర్ 2011 నాటిది, అప్పటికి అది పుట్టనే లేదు.

రిసీవర్ మార్చలేదు. ప్లేయర్ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు రెండున్నాయి. మొదటిది నేరుగా టీవీకి, 'ఆడియో ఓన్లీ' అని రాసున్నది రిసీవర్‌కి పెట్టాను. బొమ్మొచ్చింది, రంగులే పేలవం. టీవీ సెట్టింగుల్లో ఆ పోర్టుకి 'ఎన్‌హాన్స్‌డ్' ఆన్ చేశాక వెలుగునీడల్ని, రంగుల్ని బాగా చూపే హెచ్‌డీఆర్ పడింది. చీకటి గదిలో దీపం దగ్గర కూర్చున్న మనిషి చొక్కా నేత కూడా కనిపించింది.

అన్నట్టు, 4కే డిస్కులకి రీజియన్ గోల, అంటే ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకపోవడం, లేదు. మామూలు బ్లూరేలకి ఉంది: అమెరికాది ఏ, మనది సీ. బావ ముచ్చటపడి తెచ్చిన అలాంటివి రెండు షోకేసులో బొమ్మల పక్కన ఉన్నాయి.