న్యుమోనియా వైద్యం ఎలా ఉందో కేస్ షీట్లతో కొలవడం

ముందు ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోండి. మెడికల్ రికార్డ్స్‌లో న్యుమోనియాకిచ్చే జె12 నుంచి జె18 దాకా కోడ్‌లు తీస్తే సరిపోదు. బాగా సీరియస్ అయినవాళ్ల కేసులు చాలాసార్లు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) కిందో, రెస్పిరేటరీ ఫెయిల్యూర్ (ఊపిరితిత్తులు పనిచేయలేకపోవడం) కిందో నమోదవుతాయి. అవి వదిలేస్తే తేలిక కేసులే మిగిలి మరణాలు తక్కువగా కనిపిస్తాయి. అందుకే రెండో డయాగ్నసిస్‌గా న్యుమోనియా ఉన్న షీట్లూ తీయండి. ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపించిన పెద్దవాళ్లనే ఉంచండి. చేరిన 48 గంటలు దాటాక మొదలైన న్యుమోనియా ఆసుపత్రిలో వచ్చినది, దాని లెక్క వేరు.

షీట్లు ఏరుకోకుండా వరుసగా తీసుకోండి. ఒక్కోదాంట్లో నాలుగు టైములు రాసుకోండి: క్యాజువాలిటీలో నమోదు, మొదటి ఆక్సిజన్ శాతం, ఎక్స్‌రే, మొదటి యాంటీబయాటిక్ డోసు. డోసు టైము డాక్టరు ఆర్డరు నుంచి కాదు, నర్సు సంతకం పెట్టిన డ్రగ్ చార్టు నుంచి తీయాలి. ఆర్డరు రాశాక ఇంట్లోవాళ్లు కింద మెడికల్ షాపుకెళ్లి ఇంజెక్షన్ తెచ్చేదాకా జరిగే ఆలస్యం అక్కడే బయటపడుతుంది. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం ఎక్స్‌రే, మొదటి డోసు రెండూ 4 గంటల్లోపు అవ్వాలి. సగటు తీయకండి, ఒక్క 20 గంటల కేసు దాన్ని చెడగొడుతుంది. మీడియన్, అంటే టైములన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది, చూడండి.

ఈ గడువునే మార్కులుగా మార్చకండి. అమెరికాలో 4 గంటల కొలత పెట్టాక, న్యుమోనియా ఖాయం కానివాళ్లకూ యాంటీబయాటిక్ ఇచ్చేశారు. గడువు 6 గంటలకు పెంచి, చివరికి ఆ కొలతనే తీసేశారు.

తీవ్రత తెలియకుండా మరణాలు పోల్చకూడదు. తీవ్రతను కొలిచే కర్బ్-65 స్కోరుకి ఐదు అంశాలు: మతి తికమక, రక్తంలో ఎక్కువ యూరియా, నిమిషానికి 30 లేదా అంతకుమించి శ్వాసలు, బీపీ పై అంకె 90కి తక్కువ లేదా కింది అంకె 60 లేదా తక్కువ, వయసు 65 లేదా ఎక్కువ. ఒక్కోదానికి ఒక మార్కు. మన ల్యాబుల్లో బ్లడ్ యూరియా మిల్లీగ్రాముల్లో వస్తుంది కాబట్టి 42 దాటితే మార్కు వేయండి. వార్డంతా శ్వాసలు '20' అనే రాసి ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. అక్కడ స్కోరు నమ్మకండి, ముందు నిమిషంపాటు ఛాతీ చూసి లెక్కపెట్టడం అలవాటు చేయించండి.

మరణాల దగ్గర అసలు చిక్కు లామా కేసులు, అంటే డాక్టర్లు వద్దన్నా ఆసుపత్రి నుంచి వెళ్లిపోయినవాళ్లు. ఆశ లేదని ఇంటికి తీసుకెళ్లినవాళ్లను 'డిశ్చార్జి'లో కలిపితే ఆ మరణాలు లెక్కకే రావు. వాళ్లను విడి వరుసలో చూపి, చేరిన 30వ రోజున అందరికీ ఫోన్ చేయండి. అది కుదరాలంటే చేర్చుకునేటప్పుడే ఇంట్లోవాళ్ల నంబర్లు రెండు తీసుకోవాలి.