నేపథ్య సంగీతాన్ని శ్రద్ధగా వినడం ఎలా?

పాట విషయంలో మనకు అన్నీ గుర్తుంటాయి. ఎవరు రాశారో, ఎవరు పాడారో, ఏ రాగంలో కట్టారో చెప్పగలం. అదే సినిమాలో మన చేత కంటతడి పెట్టించిన సన్నివేశం వెనుక ఏ వాద్యం మోగిందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. పరిశ్రమలో రీ-రికార్డింగ్ అనీ, క్లుప్తంగా ఆర్.ఆర్. అనీ పిలిచే ఈ నేపథ్య సంగీతం పాటకు ఏ మాత్రమూ తీసిపోని కళ. 2009 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో పాటలకూ నేపథ్య సంగీతానికీ వేర్వేరుగా అవార్డులు ఇచ్చినప్పుడు, రెండవది మలయాళ చిత్రం 'పళశ్శిరాజా'కు గాను ఇళయరాజాకు దక్కింది. మీకు ఇష్టమైన సినిమాలో మీ మనసు ఎక్కడ, ఎందుకు కదిలిందో మీరే తెలుసుకోవడానికి పనికొచ్చే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, కథ బాగా తెలిసిన సినిమానే ఎంచుకోండి. తరువాత ఏమవుతుందోనన్న ఆత్రుత ఉన్నంతసేపూ చెవి సంగీతం మీద నిలవదు. అందులో నాలుగైదు నిమిషాల సన్నివేశాన్ని తీసుకుని మూడుసార్లు చూడండి: ఒకసారి మామూలుగా, ఒకసారి శబ్దం పూర్తిగా ఆపేసి, ఒకసారి కళ్ళు మూసుకుని. ఫోన్ స్పీకరులో చెల్లో, డబుల్ బాస్ వంటి పెద్ద తంత్రీవాద్యాల మంద్రస్వరాలు (కింది స్థాయి స్వరాలు) దాదాపు వినిపించవు కాబట్టి హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

శబ్దం ఆపి చూడడం వల్ల ఏమి తెలుస్తుందో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 'సైకో' (1960) చక్కగా చూపిస్తుంది. నలభై వేల డాలర్లు కాజేసిన మేరియన్ కారు నడుపుకుంటూ వెళ్ళే దృశ్యాన్ని మూగగా చూస్తే, స్టీరింగు పట్టుకున్న ఒక స్త్రీ ముఖం, ముందున్న రోడ్డు, వాన మాత్రమే కనిపిస్తాయి. శబ్దం పెట్టి చూడండి. టైటిల్స్‌లో వినిపించిన సంగీతమే మళ్ళీ తరుముకొస్తుంది, ఆమె గుండెదడ మనకూ అంటుకుంటుంది. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ సినిమా మొత్తానికి తంత్రీవాద్యాలను మాత్రమే వాడారు. స్నానాల గదిలో మేరియన్ హత్య జరిగే దృశ్యానికి సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నారు. హెర్మన్ కూర్చిన, వయొలిన్ల కీచుమనే ఆ తారస్థాయి స్వరాలను విన్నాక మనసు మార్చుకున్నారు. ఆ స్వరాలు లేకుండా ఆ దృశ్యాన్ని ఈనాడు ఊహించుకోవడం కూడా కష్టం.

ఇక కళ్ళు మూసుకుని వినేటప్పుడు, సంగీతం ఏ క్షణంలో మొదలైందో, ఏ క్షణంలో ఆగిందో కాగితం మీద రాసుకోండి. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. 'జాస్' (1975)లో జాన్ విలియమ్స్ పక్కపక్కనే ఉండే రెండు మంద్రస్వరాలతో సొరచేప రాకను సూచించారు. చేప దగ్గరయ్యే కొద్దీ లయ వేగం పెరుగుతుంది కాబట్టి, చేప కనిపించకపోయినా అది ఎంత దూరంలో ఉందో మన ఒంటికి తెలుస్తుంది. అదే సినిమాలో ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప రెక్కను నీటిపై తేల్చి జనాన్ని బెదరగొట్టేటప్పుడు ఆ రెండు స్వరాలూ వినిపించవు. తెర మీది జనం హాహాకారాలు చేస్తున్నా సంగీత దర్శకుడు అబద్ధం చెప్పలేదు. సంగీతం లేని చోటును కూడా గుర్తించాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తరువాత, ఏ వాద్యం ఏ పాత్రకు చెందిందో గమనించండి. 'షోలే' (1975)లో జై సాయంత్రం వేళ మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే, ఎదురుగా రాధ ఒక్కొక్క దీపమే ఆర్పుతూ వెళుతుంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా ఉండదు, చెప్పవలసినదంతా ఆర్.డి. బర్మన్ బాణీయే చెబుతుంది. వాద్యానికి మన ఆచారం అంటగట్టిన అర్థమూ ఉంటుంది. పెళ్ళి పందిట్లో సన్నాయి వింటే మనకు శుభం స్ఫురిస్తుంది, పాత సినిమాలలో ఉత్తరాది షెహనాయి వినిపిస్తే ఆ ఇంట ఎవరో పోయారని ముందే తెలిసిపోతుంది. రెండూ ఊది వాయించే వాద్యాలే, ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే.

తెలుగులో సాధన చేయదలచిన వారికి కె. విశ్వనాథ్ 'సాగర సంగమం' (1983) నా మొదటి సూచన. దీనికి ఇళయరాజాకు ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. మాధవి తెచ్చిచ్చిన నృత్యోత్సవ ఆహ్వాన పత్రికను నాట్యకారుడు బాలు పేజీ పేజీగా తిప్పుతూ, మహామహులైన నర్తకుల ఫొటోల తరువాత తన ఫొటోనే చూసుకునే సన్నివేశాన్ని తీసుకోండి. సంగీతం ఏ పేజీ దగ్గర మారుతోంది? నవ్వూ ఏడుపూ కలిసి పొంగుకొచ్చేటప్పుడు అది నటుడికి దారి ఇస్తోందా, పోటీకి వస్తోందా? సినిమాలోని ఏదైనా పాట బాణీ అందులో తొంగిచూస్తోందా? మూడు ప్రశ్నలకూ సమాధానాలు రాసుకున్నాక మళ్ళీ ఒకసారి మామూలుగా చూడండి.

కలిగిన భావాన్ని రాసేటప్పుడు 'హృద్యంగా ఉంది' అని సరిపెట్టుకోవద్దు. దిగులు, బెంగ, జాలి, పశ్చాత్తాపం వేర్వేరు భావాలు. ఏది కలిగిందో తేల్చుకుంటే తప్ప ఏ స్వరం దాన్ని కలిగించిందో వెతకలేరు. ఇందులో ఒక చిక్కుంది. చిన్ననాడు అమ్మానాన్నలతో చూసిన సినిమా సంగీతం వినగానే గొంతు పూడుకుపోతే, అది సంగీతం వల్లనో జ్ఞాపకం వల్లనో మనకే తెలియదు. అటువంటప్పుడు ఆ సినిమా చూడనివారికి, కథ చెప్పకుండా, ఆ సంగీతం ఒక్కటే వినిపించి ఏమనిపించిందో అడగండి. వారి మాట మీరు రాసుకున్న మాటకు దగ్గరగా ఉంటే ఆ భావం స్వరాలలోనే ఉందని నమ్మవచ్చు. లేకపోతే అందులో కథకూ, నటుడికీ, మీ జ్ఞాపకానికీ ఉన్న వాటా ఎంతో వెతుకుతూ ఆ సన్నివేశాన్ని మళ్ళీ మొదటి నుంచి చూడండి.