పాత ట్రావెల్ ట్రైలర్ కిటికీల సీళ్లు మార్చే పద్ధతి

పాత ట్రావెల్ ట్రైలర్‌ను, అంటే కారు వెనుక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండిని, అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేసేది వాన నీరు. టైర్లు అరిగితే కంటికి కనిపిస్తాయి. కాని కిటికీ అంచు వెంట చుక్క చుక్కగా గోడలోకి దిగే నీరు లోపలి చెక్క పుచ్చిపోయి, ప్లైవుడ్ పొరలు విడిపోయేదాకా బయటపడదు. అప్పుడు కూడా చాలామంది కిటికీ చుట్టూ బయటినుంచి సిలికాన్ పూసి, పని అయిందనుకుంటారు. ఆ పూత పైనుంచి వచ్చే నీటిని కొంతకాలం ఆపవచ్చు గాని, వేరే సందులోంచి లోపలికి చేరిన నీటిని బయటకు పోనివ్వదు. కిటికీని ఊడదీసి, పాత పదార్థమంతా గీకేసి, కొత్త సీలు (నీరు చొరకుండా సందును మూసే పొర) మీద మళ్లీ కూర్చోబెట్టడమే నిలిచే మరమ్మతు. ఓపిక ఉన్నవారెవరైనా ఇంట్లో ఉండే మామూలు పనిముట్లతో దీన్ని చేసుకోవచ్చు.

ట్రైలర్ కిటికీకి రెండు వేర్వేరు సీళ్లు ఉంటాయన్న సంగతి మొదట గుర్తుంచుకోవాలి. ఒకటి అల్యూమినియం ఫ్రేముకూ ట్రైలర్ బయటి రేకుకూ మధ్య ఉండే మెత్తని పుట్టీ వంటి పొర. రెండోది తెరుచుకునే అద్దపు రెక్కకూ ఫ్రేముకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ. మొదటిది ఎండి బీటలు వారితే నీరు గోడలోకి దిగుతుంది. రెండోది గట్టిపడితే నీరు కిటికీ లోపలి అంచు మీదికి వస్తుంది. లోపలి గోడ మీది మరక ఎక్కడ మొదలైందో చూస్తే తప్పు ఏ సీలుదో చాలావరకు తెలిసిపోతుంది. మరక కిటికీ పై అంచుకన్నా ఎత్తులో మొదలైతే మాత్రం కిటికీ జోలికి పోకముందే పైకప్పు అతుకునూ, దాని దగ్గర, చీకట్లో బండి అంచులు కనిపించేందుకు పెట్టే చిన్న మార్కర్ లైట్లనూ పరీక్షించాలి.

ఫ్రేముకూ రేకుకూ మధ్య వేయడానికి బ్యూటైల్ టేపు, అంటే జిగట రబ్బరు పట్టీ, మేలు. ఇది చాలా ఏళ్లపాటు గట్టిపడకుండా జిగటగానే ఉంటుంది కాబట్టి, ప్రయాణంలో ట్రైలర్ కదిలినప్పుడు ఫ్రేముతోపాటు తానూ కదులుతుంది. సుమారు 3 మిల్లీమీటర్ల మందం, ఫ్రేము అంచుకు సరిపడే వెడల్పు ఉన్న చుట్టను తీసుకోవాలి. పాలియురేథేన్ జిగురు గట్టిగా పట్టుకుంటుందన్న మాట నిజమే. అందుకే దాన్ని వాడకూడదు. రేపు ఆ కిటికీని మళ్లీ తీయవలసి వస్తే పల్చని అల్యూమినియం ఫ్రేము వంగిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు కిటికీని లోపలా బయటా ఫొటోలు తీసుకోవాలి. ఒకసారికి ఒకే కిటికీ విప్పాలి. 1950, 60లలో తయారైన అనేక అమెరికా ట్రైలర్లలో స్క్రూల తలల మీద డమరుకం ఆకారపు గాడి కనిపిస్తుంది. వీటిని క్లచ్ హెడ్ స్క్రూలంటారు. మామూలు స్క్రూడ్రైవరుతో తిప్పితే గాడి చెడిపోతుంది కనుక వాటికి సరిపోయే బిట్టును ముందే సంపాదించుకోవాలి. స్క్రూలన్నీ తీశాక వెడల్పాటి పుట్టీ కత్తిని ఫ్రేము అంచు కిందికి జొనిపి, చుట్టూ కొద్దికొద్దిగా వదులు చేస్తూ రావాలి. ఒకే మూల దగ్గర బలం పెట్టి లేపితే ఫ్రేము మెలితిరుగుతుంది, అద్దం పగలవచ్చు. పుట్టీ మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే లొంగుతుంది. 1966 నుంచి 1968 వరకు ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ ట్రైలర్లకు అమర్చిన కార్నింగ్ కంపెనీ వంపు అద్దాలు మాత్రం వేరే రకం. వాటికి బదులు దొరకడం చాలా కష్టం కాబట్టి ఆ కిటికీలను అనుభవజ్ఞులకు అప్పగించడం మంచిది.

ఈ పనిలో ఎక్కువ సమయం తీసుకునేది శుభ్రం చేయడం, ఫలితం ఆధారపడేది కూడా దానిమీదే. పాత పుట్టీని ప్లాస్టిక్ కత్తితో గీకి, మిగిలిన జిడ్డును మినరల్ స్పిరిట్స్ (రంగులు పలుచన చేసే ద్రావకం)తో తడిపిన గుడ్డతో తుడిచి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి. ఎవరైనా మునుపు సిలికాన్ పూసి ఉంటే దాని ఆనవాలు కూడా మిగలకూడదు. కంటికి కనిపించని సిలికాన్ పొర మీద బ్యూటైల్ గాని, రంగు గాని, కొత్త సిలికాన్ గాని సరిగా అంటుకోవు. తుడిచిన చోట వేలితో రాస్తే జారుడుగా అనిపించినంతకాలం పని పూర్తి కానట్టే. పాత రంగులో సీసం, పాత పుట్టీలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా, తడిపి గీకాలి. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

కిటికీ బయటికి వచ్చినప్పుడే చుట్టూ ఉన్న చెక్కను సూదిమొన పనిముట్టుతో గుచ్చి చూడాలి. మెత్తగా దిగిపోతే ఆ ముక్కను కోసి కొత్తది వేయాలి. చెక్క తడిగా ఉంటే పూర్తిగా ఆరేదాకా కిటికీ బిగించకూడదు. తేమ 20 శాతం దాటిన చెక్కలో పుచ్చు కలిగించే శిలీంధ్రం పెరిగే ప్రమాదం ఉంటుంది.

ఇక బ్యూటైల్ టేపును ఫ్రేము వెనుక అంచుకు అంటించాలి. కింది అంచుతో మొదలుపెట్టి, తర్వాత పక్కలు, చివరగా పైది వేస్తూ, పై ముక్క పక్క ముక్కల మీదికి కాస్త ఎక్కేలా చూడాలి. అప్పుడు జారే నీటికి అతుకులో దారి దొరకదు. టేపును సాగదీయకూడదు, మూలల్లో ఖాళీ వదలకూడదు. రేకు పక్కటెముకల్లా ఎత్తుపల్లాలుగా ఉంటే, పల్లం ఉన్నచోట అదనంగా ఒక చిన్న ముక్క నింపాలి. చాలా లీకులు ఈ పల్లాల దగ్గరే మొదలవుతాయి. చలిలో టేపు బిరుసెక్కుతుంది కనుక వెచ్చని రోజున పని పెట్టుకోవాలి. ఒకరు బయట కిటికీని పట్టుకోగా, ఇంకొకరు లోపలి నుంచి సరిచూడాలి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలను చేత్తోనే, మధ్యలోంచి మూలలవైపు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. చుట్టూ టేపు సమానంగా బయటికి పొంగగానే ఆపాలి. ఇంకా బిగిస్తే అంచు వంకరపోయి, స్క్రూల మధ్య సందు తెరుచుకుంటుంది. పాత రంధ్రాలు వదులైతే నీటికి తట్టుకునే జిగురు పూసిన చెక్క పుల్లను దూర్చి, ఆరాక మళ్లీ బిగించాలి.

రబ్బరు పట్టీ సంగతి వేరు. దీనికి లెక్కలేనన్ని ఆకారాలున్నాయి, చూసి అంచనా వేస్తే కుదరదు. పాత పట్టీలో ఎక్కువ నలగని చోటునుంచి చిన్న ముక్క కోసి, అడ్డుకోత ఎత్తు, వెడల్పు, గాడిలో కూర్చునే భాగం మందం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, ఆ ముక్కనే నమూనాగా పెట్టుకుని కొత్తది కొనాలి. ఎండకూ ఓజోన్‌కూ బాగా తట్టుకునేది ఈపీడీఎం రబ్బరు. గాడిలోకి ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు వాడవచ్చు. పెట్రోలియం నూనెలు, గ్రీజు తగిలితే ఈపీడీఎం ఉబ్బి చెడిపోతుంది. లాగుతూ ఎక్కిస్తే ఆ రోజుకు చక్కగా సరిపోయినట్టే ఉంటుంది, తర్వాత రబ్బరు తన పొడవుకు తాను కుంచించుకుని మూలల్లో ఖాళీలు వస్తాయి. అందుకని కాస్త పొడవుగానే కోసి, నొక్కుతూ కూర్చోబెట్టి, అతుకు కింది అంచు మధ్యలో వచ్చేలా చూడాలి. తర్వాత రెక్కను ఒక కాగితం ముక్క మీద మూసి, కాగితాన్ని మెల్లగా లాగాలి. చుట్టూ అన్నిచోట్లా ఒకే రకంగా బిగిసి రావాలి. ఎక్కడైనా సులభంగా జారివస్తే అక్కడ రబ్బరు ఆనడం లేదన్నమాట; చాలాసార్లు గొళ్లేన్నో కీలునో సవరిస్తే సరిపోతుంది.

పక్కకు జరిపి తెరిచే కిటికీలకు రబ్బరుతోపాటు, అద్దం జారే చోట మెత్తని నూగు ఉన్న పట్టీ కూడా ఉంటుంది, దాన్నీ మార్చాలి. వాటి కింది గాడిలో నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలను సన్నని తీగతో శుభ్రం చేయాలేగాని ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు.

పరీక్షకు గొట్టంతో నీటిని ధారగా, ఒత్తిడి లేకుండా, ముందు కింది అంచు మీద, తర్వాత పక్కల మీద, చివరగా పై అంచు మీద ఒక్కోచోట 5 నిమిషాలు పోస్తూ, లోపల ఒకరిని టార్చిలైటుతో కూర్చోబెట్టాలి. ఈ వరుసలో పోస్తే నీరు ఏ అంచునుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. నాలుగైదు ఎండలు తగిలాక బ్యూటైల్ మరికొంత పొంగుతుంది; అప్పుడు స్క్రూలను ఒకసారి సరిచూసి, పొంగినదాన్ని ప్లాస్టిక్ కత్తితో ఫ్రేము అంచు వెంట కోసేయాలి. స్క్రూల వరుసను కప్పే వినైల్ పట్టీ ఉన్న ఫ్రేములైతే, ఆ పట్టీని ఈ రెండో బిగింపు తర్వాతే, చివర్లలో కాస్త అదనంగా వదిలి ఎక్కించాలి.